స్థూలకాయం – ధమనులు – మన సంగటి ముద్ద

పుంగనూరు దగ్గర మా ఊళ్లో మా తాత మడక దున్నేవాడు. పొద్దున రెండు సంగటి ముద్దలు తిని చేనికి పోతే, సాయంత్రానికి అవి చెమటై కారిపోయేవి. మా నాయన కూడా అవే రెండు ముద్దలు తింటాడు. కాని ఇప్పుడు దున్నేది ట్రాక్టరు; మదనపల్లె టమోటా మండీకి సరుకు చేర్చేది టెంపో. మండీ పక్కన బోండాలు, చక్కెర దండిగా వేసిన టీ అదనం. సెలవుల్లో టేపుతో నాయన నడుము కొలిచాను. 102 సెంటీమీటర్లు! "సేద్యం చేసేవాడికి గుండెజబ్బు ఏందిరా?" అని నవ్వినాడు. ఆ నవ్వుకు జవాబే ఈ వ్యాసం.

ధమని వట్టి గొట్టం కాదు

ధమని అంటే చేనికి నీళ్లు పారించే పైపు వంటిదని చాలామంది అనుకుంటారు. కాని అది ప్రాణమున్న గొట్టం. దాని లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. ఆ పొర నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ ధమని గోడను సడలిస్తుంది. ఈ సంగతిని వెలికితీసిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

పొట్టలో అవయవాల చుట్టూ చేరిన కొవ్వు ఊరికే ఉండదు. వాపు పుట్టించే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ పని మందగిస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. చెడు కొలెస్ట్రాల్ గోడలోకి దూరుతుంది. దాన్ని మింగిన తెల్లకణాలు అక్కడే పూడికగా పేరుకుంటాయి. గోడ బిరుసెక్కుతుంది. ఏళ్ల తరబడి నొప్పి మాత్రం తెలియదు. అందుకే మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుమును హెచ్చరికగా తీసుకోవాలి.

తెలుగు పల్లెల సాక్ష్యం

1987–90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చారు. పక్కనున్న మరికొన్ని పల్లెలకు అది అందలేదు. మొత్తం 29 పల్లెలు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక పరీక్షించిన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. తిండి అందిన పల్లెల పిల్లల ధమనుల్లో బిరుసుతనం తక్కువగా ఉంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో గట్టి తేడా కనబడలేదు. అంటే తిండి ఎక్కువైనా చేటే, వేళకు అందకపోయినా చేటే.

మనం చేయగలిగింది

రాగిసంగటిని తప్పుపట్టడం అన్యాయం. ముద్ద మారలేదు, పని మారింది. కాబట్టి ఒక ముద్ద తగ్గించి ఆ చోటు ఆకుకూర పప్పుకు ఇద్దాం. చెనిక్కాయలు మంచివే, ఉడకబెట్టి తిందాం. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు; ఊరగాయ, అప్పడం కూడా ఆ లెక్కలోవే. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. నడిచినప్పుడు వేగంగా పారే రక్తం లోపలి పొరను ఒరుసుకొని నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతుంది.

కుప్పం దగ్గర మా మామ పట్టుపురుగులకు రెండుపూటలా మల్బరీ ఆకు కోస్తాడు. పొట్ట లేదు. కాని బీడీ మానడు. ఆ పొగ కూడా ఇదే పొరను కాలుస్తుందని ఆయనకు ఇంకా ఒప్పించలేకపోయాను.

నాయన ఇప్పుడు బండి ఇంట్లో పెట్టి చేనిదాకా నడుస్తున్నాడు. నడుము ఇంకా 100 దిగలేదు. అయినా టేపు ఎక్కడుందని ఆయనే అడుగుతున్నాడు. మిత్రులారా, ఈ సెలవులకు ఊరికి పోయేటప్పుడు మీరూ ఒక టేపు తీసుకుపోండి.