ఒకే మెయిల్ రెండుసార్లు వచ్చినప్పుడు

చిరంజీవి చిన్నతల్లికి,


ఆదివారం రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక పెదనాన్నకి సరిగా నిద్ర పట్టలేదు. పరీక్షల టైమ్‌టేబుల్ మెయిల్ పిల్లలకి రెండేసిసార్లు వెళ్ళింది, కొందరికి మూడుసార్లు. ప్రిన్సిపాల్ గారు పిలిచి అడిగారు. నువ్వు కాలేజీ మెయిల్ సర్వర్ చూసుకునే ఈ ఉద్యోగంలో చేరి రెండు నెలలైనా కాలేదు. "సర్వర్ మళ్ళీమళ్ళీ పంపే సెట్టింగే తీసేస్తే పోదా పెదనాన్నా?" అన్నావు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే. అది మాత్రం తీయకమ్మా.

మీ తాతయ్య తాలూకా ఆఫీసుకి అర్జీ పెట్టాలంటే రిజిస్టర్డ్ పోస్టులోనే పెట్టేవారు, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి. అవతల సంతకం పడి కార్డు తిరిగొస్తే దాన్ని భద్రంగా చూరులో దోపేవారు. కార్డు రాకపోతేనే చిక్కు. అర్జీ దారిలో పోయి ఉండొచ్చు. లేదా అర్జీ చేరి, కార్డు తిరుగుదారిలో పోయి ఉండొచ్చు. ఊళ్ళో అరుగుమీద కూర్చున్న మనిషికి ఆ రెంటికీ తేడా తెలిసే దారి లేదు. రెండు వారాలు చూసి ఆయన ఇంకో అర్జీ పంపేవారు. ఒకసారి రెండూ చేరి, ఒకే అర్జీకి రెండు నంబర్లు పడ్డాయి. అయినా తాతయ్య తప్పు చేశారని ఇంట్లో ఎవరూ అనలేదు. అసలు చేరకపోవడంకన్నా రెండు చేరడం నయం కదా.

మెయిల్ సర్వర్లు చేసేదీ అదే. 1982 ఆగస్టులో జొనాథన్ పోస్టెల్ రాసిన ఇంటర్నెట్ నియమాల పత్రం ఆర్ఎఫ్‌సీ 821లో ఈ పద్ధతి ఉంది. పంపే సర్వర్ ఉత్తరమంతా చదివి వినిపించి, చివర ఒక్క చుక్క మాత్రమే ఉన్న లైను పంపుతుంది. అందుకున్న సర్వర్ 250 అని బదులు చెబుతుంది. ఆ 250యే తాతయ్య కార్డు. అది చేతికి వచ్చేదాకా ఉత్తరం బాధ్యత పంపినవాడిది, వచ్చిన క్షణం నుంచి అందుకున్నవాడిది. చుక్కకీ 250కీ మధ్య లైను తెగిందనుకో, అవతల ఉత్తరం డబ్బాలో పడిపోయినా ఇవతలి క్యూలో అది అలాగే ఉంటుంది. కాసేపాగి మళ్ళీ బయల్దేరుతుంది.

ఈ చిక్కుని కంప్యూటర్ శాస్త్రం వాళ్ళు అంతకుముందే లెక్కగట్టారు. నమ్మకం లేని దారిలో కబుర్లు పంపుకునే ఇద్దరికి, చివరి కబురు చేరిందో లేదో ఇద్దరికీ కచ్చితంగా తెలిసే పద్ధతి లేనే లేదని 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు ఒక పత్రంలో చూపించారు. 1978లో జిమ్ గ్రే దాన్ని ఇద్దరు సేనాధిపతుల కథగా చెప్పాక అందరి నోటా ఆ పేరే నిలిచింది. కాబట్టి ఎంత మంచి సర్వర్ కొన్నా ఈ సందు పూర్తిగా పూడదు. దాన్ని వీలైనంత ఇరుకు చేయడమే మన పని.

ఎలా ఇరుకు చేయాలో 1988 ఫిబ్రవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ రాశారు. అది ఆర్ఎఫ్‌సీ 1047. చాలా చిన్న పత్రం, ఒక్క కాఫీ తాగేలోగా చదివేయొచ్చు, తప్పక చదువు. చుక్క అందాక కొన్ని సర్వర్లు వెంటనే 250 అనకుండా, ముందు ఆ ఉత్తరాన్ని అందరి డబ్బాల్లోనూ వేసే పనిలో పడుతున్నాయి, ఈలోగా పంపినవాడు విసిగి ఫోను పెట్టేస్తున్నాడు అన్నది ఆయన పట్టుకున్న జబ్బు. ముందు ఉత్తరాన్ని డిస్కులో భద్రపరిచి 250 చెప్పెయ్యి, తక్కిన పని తర్వాత చూసుకో అన్నది మందు. మరుసటి ఏడాది ఆర్ఎఫ్‌సీ 1123 పంపేవాడికీ ఓపిక నేర్పింది. చుక్క పెట్టాక కనీసం 10 నిమిషాలు ఆగమంది. 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5321లోనూ అదే అంకె ఉంది. మీ సర్వర్లో ఆ గడువుని ఎవరైనా ఒక నిమిషానికి తగ్గించి ఉంటే ముందు దాన్నే సరిచెయ్యాలి. పెద్ద పీడీఎఫ్ వచ్చినప్పుడు అవతల వైరస్ స్కానర్ 250 చెప్పకముందే దాన్ని తనిఖీ చేస్తుంటే, నిమిషం ఏ మూలకీ చాలదు.

ఇదంతా కారణాల్లో ఒకటి మాత్రమే. మీ కాలేజీలో జరిగింది ఇదేనో కాదో ఊహించి చెప్పడం పెదనాన్నకి ఇష్టం లేదు. చూసి చెప్పాలి. చూడాల్సింది మెయిల్ లోపలి హెడర్లు.

ఒకే మనిషికి వచ్చిన రెండు కాపీలు తెరిచి మెసేజ్-ఐడీ పోల్చు. వేర్వేరుగా ఉంటే దారిలో ఏమీ జరగలేదు, పంపిన చోటే రెండు ఉత్తరాలు పుట్టాయి. ఎవరో బటన్ రెండుసార్లు నొక్కి ఉండాలి, లేదా అదే పని పాత సర్వర్లోనూ కొత్త సర్వర్లోనూ నడిచి ఉండాలి. సర్వర్ మార్చినప్పుడు పాతదాంట్లో టైము ప్రకారం తనంతట తానే నడిచే క్రాన్ పని ఆపడం మరిచిపోవడం చాలా చోట్ల జరిగేదే. మెసేజ్-ఐడీ ఒక్కటే అయితే, పుట్టింది ఒక్క ఉత్తరమే, దారిలో చీలింది. అప్పుడు రిసీవ్డ్ లైన్లు కింద నుంచి పైకి చదవాలి. ప్రతి సర్వరూ తన ముద్రని అన్నిటికంటే పైన వేస్తుంది కాబట్టి అట్టడుగున ఉన్నదే మొదటి మజిలీ. రెండు కాపీల లైన్లూ ఎక్కడిదాకా ఒకటిగా ఉండి ఎక్కడ వేరుపడ్డాయో, జబ్బు ఆ మజిలీలో ఉంది.

వేరుపడిన చోట రెంటి టైములూ ఒకటే అయితే ఒకే పిల్లవాడు రెండు గ్రూపుల్లో ఉన్నాడేమో, పాత అడ్రసు కొత్తదానికి ఫార్వర్డ్ అవుతోందేమో చూడు. టైముల మధ్య పావుగంటో అంతకంటే ఎక్కువో తేడా ఉంటే మాత్రం తాతయ్య కార్డు కథే. అప్పుడు లాగ్ తియ్యి. మీరు వాడేది పోస్ట్‌ఫిక్స్ అన్నావుగా. అది దాచుకోదు. చుక్క పంపాక లైను తెగితే, ఈ సందేశం ఒకటికంటే ఎక్కువసార్లు వెళ్ళి ఉండొచ్చని అదే లాగ్‌లో రాసిపెడుతుంది. దాన్ని తయారుచేసిన వీట్సె వెనెమా మీద పెదనాన్నకి గౌరవం ఇలాంటి చోట్లే పెరిగింది.

హెడర్లలో అక్షరం కూడా తేడా లేకపోతే సర్వర్లని వదిలేసి చదివే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళు. పెదనాన్న పనిచేసిన ఒక ఆఫీసులో, డయలప్ మోడెమ్‌ల రోజుల్లో, రోజూ పొద్దున్నే నిన్నటి మెయిల్సే మళ్ళీ దిగేవి. అందరూ సర్వర్ని తిట్టుకుంటూ ఉండగా నెల గడిచిపోయింది. చివరికి తేలిందేమంటే, పాప్3 పద్ధతిలో చెరపమన్న ఉత్తరాలు ఆ క్షణాన చెరగవు. క్విట్ అని చెప్పి మర్యాదగా సెలవు తీసుకున్నాకే చెరుగుతాయి. అంతకుముందే ఫోను లైను తెగిపోతుంటే సర్వర్ దృష్టిలో ఏదీ చెరగనట్టే. తర్వాతి సారి అన్నీ మళ్ళీ దిగుతాయి. ఇప్పటికీ కొందరు లెక్చరర్లు పాత ప్రోగ్రాముల్లో పాప్3 వాడుతూనే ఉంటారు.

ఇంకో జాగ్రత్త. ఎంతమంది ఫిర్యాదు చేశారన్న లెక్కని నమ్ముకోకు. ఒకే మెసేజ్-ఐడీతో వచ్చిన రెండో కాపీని జీమెయిల్ సాధారణంగా చూపించదు. అందుకే జీమెయిల్ వాడే పిల్లలు ఒక్కటే వచ్చిందంటారు, కాలేజీ అడ్రసు వాడే స్టాఫ్ రెండు వచ్చాయంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అలా రెండోదాన్ని పక్కన పెట్టే ఏర్పాటు మీ సర్వర్లోనూ పెట్టొచ్చు, సీవ్ ఫిల్టర్లలో దీనికోసమే 2014లో ఆర్ఎఫ్‌సీ 7352 వచ్చింది. కానీ కారణం తెలియకముందే పెట్టకు. హాల్‌టికెట్లు పంపే సాఫ్ట్‌వేర్ ఏదైనా వేర్వేరు ఉత్తరాలకి ఒకే ఐడీ వేస్తుంటే, రెండోది హాల్‌టికెటే అయినా ఆ ఫిల్టర్ పారేస్తుంది. పరీక్ష రాయలేకపోయిన పిల్లవాడికి మనం ఏం చెబుతాం?

ఈలోగా "పొరపాటున రెండుసార్లు వచ్చింది, క్షమించండి" అని అందరికీ మెయిల్ పంపొద్దు. అదీ ఆ దారినే వెళ్ళాలి. ప్రిన్సిపాల్ గారికి మాత్రం నేరుగా వెళ్ళి చెప్పు. టైమ్‌టేబుల్ అందరికీ చేరింది, ఎవరికీ తప్పిపోలేదు, ఎక్కువసార్లు ఎందుకు వెళ్ళిందో రెండు రోజుల్లో చూపిస్తానను.

మూడు కాపీలు వచ్చినవాళ్ళని ముందు పట్టుకో. వాళ్ళ మూడు కాపీల హెడర్లూ పూర్తి టెక్స్ట్‌గా పంపు, స్క్రీన్‌షాట్‌లో సగం తెగిపోతాయి. ఒకటికీ రెంటికీ మధ్య ఎంత గడువు, రెంటికీ మూటికీ మధ్య ఎంత గడువు అన్నది నువ్వే లెక్కగట్టి పక్కన రాయి. గడువు పెరుగుతూ పోతే క్యూ మళ్ళీ పంపింది. సరిగ్గా గంటకి గంట అయితే ఆ పాత సర్వర్లో క్రాన్ ఇంకా నడుస్తోందేమో చూడు. బుధవారం సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి లైను లైను చదువుదాం.

ఆశీస్సులతో,
పెదనాన్న