రెండు బాణాలు: కాలేజీ పిల్లల టెన్షన్ గురించి ధమ్మం ఏమంటది



ఈ పాఠం కాలేజీకి పోతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. అమ్మానాయినలు కూడా పక్కన కూచొని చదివించుకోండి.

న్యాల్‌కల్, ఝరాసంగం, కోహీర్ దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి జహీరాబాద్ వచ్చే పిల్లలున్నరు. సంగారెడ్డిలో, హైదరాబాద్‌లో హాస్టళ్లలో ఉండేవాళ్లున్నరు. చానామంది ఇండ్లల్ల ఇంటర్ దాటిన మొదటి మనిషి వాళ్లే. బ్యాక్‌లాగ్ పడిందని చెప్పుకుందామంటే ఆ మాట అర్థమయ్యేవాళ్లు ఇంట్లో ఉండరు. స్కాలర్‌షిప్ పడదు. ఫీజు కట్టనిదే సర్టిఫికెట్ ఇయ్యమంటరు. క్లాసులో ఒకడు నవ్వుకుంట "నీ ర్యాంకెంత?" అని అడుగుతడు. ఆ ప్రశ్న ర్యాంకు కోసం కాదని మనకు తెలుసు. ఇగ నిద్ర పట్టదు, ఆకలి కాదు, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క తలకెక్కదు. దీన్ని పిల్లలు టెన్షన్ అంటరు. ధమ్మం దుక్ఖం అంటది.

సంయుత్త నికాయంలో సల్ల సుత్తం ఉంది. సల్లం అంటే బాణం. మనిషికి ఒక బాణం తగిలితే నొప్పి ఉంటది. ఆ నొప్పికి కుమిలిపోతూ ఉంటే రెండో బాణం తగిలినట్టే అని బుద్ధుడు చెప్పిండు. కాలేజీలో మొదటి బాణం స్కాలర్‌షిప్ రాకపోవుడు, అవమానం, ఫెయిలవుడు. రెండో బాణం "నేను పనికిరాను, మా ఇంటికి నేను బరువు" అనే ఆలోచన. ఇది మనం తీసెయ్యగలిగే బాణం.

కానీ ఇక్కడొక మోసం ఉంది. "అంతా నీ మనసులోనే ఉంది, ధ్యానం చెయ్, సర్దుకుపో" అని చెప్పేటోళ్లు చానామంది. మొదటి బాణం వేసినవాడి ఊసే ఎత్తరు. ఇంకొందరు పూర్వజన్మ కర్మ అంటరు. బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో ఆ కర్మ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. సిద్ధార్థుడు ఇల్లు విడిచింది రోహిణీ నది నీళ్ల తగాదాలో యుద్ధం వద్దన్నందుకే అని రాసిండ్రు. అంటే మన ధమ్మం మొదలైందే లోకంలోని దుక్ఖాన్ని చూసి. రెండు బాణాలూ తియ్యాలె.

రోహిత్ వేముల సంగతి మరువలేం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధన చేసే విద్యార్థి. ఫెలోషిప్ డబ్బులు ఆగినయి, హాస్టల్ నుంచి బయటికి పంపిండ్రు. 2016 జనవరి 17న ఆయన్ని పోగొట్టుకున్నం. అదే ఏడాది ఏప్రిల్ 14న తల్లి రాధికమ్మ, తమ్ముడు రాజా ముంబైలో బౌద్ధం స్వీకరించిండ్రు. 2019లో రాధికమ్మ, డాక్టర్ పాయల్ తడ్వీ తల్లితో కలిసి, కాలేజీల్లో కుల వివక్ష ఆపాలని సుప్రీంకోర్టుకు పోయింది. ఇంకో తల్లికి ఆ కడుపుకోత రావద్దని.

చదువు సంగతికి వస్తే, సోణుడనే భిక్షువు పాదాలు పగిలి నెత్తురు కారేదాక నడుస్తూ సాధన చేసిండు. ఫలితం రాలేదు, ఇంటికి పోదామనుకున్నడు. బుద్ధుడు వచ్చి అడిగిండు: నువ్వు వీణ వాయించేవాడివి గదా, తీగలు మరీ బిగిస్తే పలికేదా? మరీ వదులైతే? రెండింటికీ సోణుడు లేదనే చెప్పిండు. రాత్రంత చాయ్ తాగి చదివి, పొద్దున పరీక్ష హాల్లో కునుకు తీసే తమ్ముడు బిగించిన తీగ. బాబాసాహెబ్ పద్దెనిమిది గంటలు చదివిండ్రని మనం పిల్లలకు చెప్తం, చెప్పాలె కూడా. కానీ ఆయన వయొలిన్ నేర్చుకున్న సంగతి చెప్పం. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరి లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చిండ్రు. 1920లో మళ్ల పోయి పూర్తి చేసిండ్రు. మూడేండ్ల గ్యాప్! ఒక సెమిస్టర్ పోతే బతుకే పోయిందనుకునే పిల్లలకు ఈ ముక్క ముందు చెప్పాలె.

పడుకునే ముందు పది నిమిషాలు ఆనాపానసతి చెయ్యండి. శ్వాస వచ్చుడు, పోవుడు గమనించుడు, అంతే. మనసు పరీక్షల దిక్కు ఉరికితే తిట్టుకోకుండ మళ్ల తెచ్చుకోవాలె. ఇది మనసును నిమ్మళం చేస్తది, స్కాలర్‌షిప్‌ను మాత్రం తీసుకురాదు. టెన్షన్ పోతదని తాగుడు మొదలుపెట్టినోళ్లు ఐదో శీలం ఎందుకు పెట్టిండ్రో ఒకసారి ఆలోచించండి. పొద్దున ఇంత జొన్నరొట్టె తినకుండ బస్సెక్కొద్దు.

స్కాలర్‌షిప్ ఎవరి దయా కాదు. బాబాసాహెబ్ 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో చేరినంక మన పిల్లల పైచదువుకు సర్కారు డబ్బు ఇయ్యాలని పట్టుబట్టిండ్రు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉన్నది. ఒక్కరు ఆఫీసుకు పోతే రేపు రమ్మంటరు. పదిమంది కలిసి రాసిన దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన కాపీ తీసుకోండి. 2012 యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలె. మీ కాలేజీలో ఆ అధికారి ఎవరో అడగండి. ఎవరూ లేరంటే మీ మొదటి దరఖాస్తు దాని మీదనే.

మంచి స్నేహం ధమ్మ జీవితంలో సగమని ఆనందుడంటే, సగం కాదు, మొత్తమని బుద్ధుడన్నడు. అమ్మానాయినలూ, ఫోన్‌లో మార్కులు అడిగే ముందు "తిన్నవా బిడ్డా, నిద్ర పడుతున్నదా" అని అడుగుండ్రి. "నేను లేకుంటే మీకు బాధ తప్పుతది" అని పిల్లలు అంటే నాటకమనుకోవద్దు, ఒంటరిగ వదలొద్దు. టెలీ మానస్ నెంబర్ 14416. రాత్రి రెండు గంటలకైనా తెలుగులో మాట్లాడొచ్చు, పైసలు పడవు. ఆ నెంబర్ విహారం గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.