కాంక్రీటులో నీటి కొలత

గ్రామములో పాఠశాలకు కప్పు వేసినను, మంచినీటి ట్యాంకు కట్టినను, వీధికి సిమెంటు రోడ్డు పోసినను, పంచాయతీ సభ్యులు ముందుగా సిమెంటు బస్తాల లెక్క చూచుకొందురు. అది చేయవలసిన పనియే. కాని లెక్క సరిపోయినంత మాత్రమున కట్టడము గట్టిదని తలపరాదు. బస్తాలోని బలమును నిలుపునదియు, చెరచునదియు అందు కలుపు నీరే. ఈ సంగతి ఎట్లు తెలియవచ్చెనో, దానివలన మనము నేర్వవలసిన దేమో ఇచట వివరింతుము.

పోర్ట్‌లాండు సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీ పనివాడు 1824లో పేటెంటు పొందెను. తరువాత చాలకాలము కాంక్రీటు కలుపుట అనుభవము మీదనే సాగెను. అమెరికాలోని చికాగో నగరమున డఫ్ ఏబ్రమ్స్ అను శాస్త్రజ్ఞుడు ఎన్నెన్నో దిమ్మెలను పోయించి, పగులగొట్టి పరీక్షించి, 1918లో ఒక సూత్రమును ప్రకటించెను. పోయుటకు వీలైన కలుపులో, సిమెంటుతో పోల్చినపుడు నీరు హెచ్చినకొలది బలము తగ్గును అనునదే దాని సారము. నేటికిని ఈ విద్యకు ఇది పునాది.

ఇట్టి జ్ఞానమును ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు సంఘములుగా కూడి పంచుకొనుచున్నారు. మన దేశమున ఇండియన్ కాంక్రీట్ జర్నల్ అను పత్రిక 1927లోను, ఇండియన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ అను సంఘము 1982లోను ఏర్పడినవి. కాంక్రీటు పనికి ఐ.ఎస్. 456 అను భారత ప్రమాణము 1953లో వెలువడి, 2000లో నాలుగవసారి సవరింపబడినది.

నీరు హెచ్చినచో కలుగు నష్టమేమి? సిమెంటు నీటితో కలిసి రసాయనిక చర్యవలన గట్టిపడును. ఆ చర్యకు కావలసినది కొంత నీరే. మిగిలినది ఆరిపోయి, దాని చోట సన్నని రంధ్రములు మిగులును. వాటిగుండ తేమ, గాలి లోపలి ఇనుప కడ్డీలను చేరి తుప్పు పట్టించును. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. పిల్లలు కూర్చుండు గదికి ఇంతకు మించిన ముప్పు మరేమి కలదు?

కావున పని జరుగునపుడు సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

ఒకటి: నీటిని కొలిచి పోయించవలెను. వానకు తడియు కడ్డీల కాంక్రీటులో నీరు సిమెంటు బరువులో సగమునకు మించరాదని 2000 నాటి ప్రమాణము చెప్పుచున్నది. అనగా 50 కిలోల బస్తాకు 25 లీటర్లు. సముద్రతీరమున ఇంకను తగ్గింపవలెను. ఇసుక తడిగా నున్నచో ఆ తడిని ఇంజనీరుచే లెక్క కట్టించి, ఆ మేరకు నీరు తగ్గించవలెను.

రెండు: కలుపు బిగువుగా నున్నదని పనివారు మరియొక బిందె నీరు పోయబోయినచో వారింపవలెను. వైబ్రేటరుతో బాగుగ కూరినచో బిగువైన కలుపును సర్దుకొనును.

మూడు: పోసిన పిదప గోనె సంచులు పరచి తడి ఆరకుండ చూడవలెను. సాధారణ సిమెంటుకు కనీసము 7 దినములు, ఎండకాలమున 10 దినములు తడుపవలెను. కలుపునపుడు హెచ్చు నీరు కీడు. గట్టిపడిన పిదప నీరు మేలు.

నాలుగు: పోయునాడే 15 సెంటీమీటర్ల దిమ్మెలను తీయించి, 28 దినముల తరువాత పరీక్షింపించి, ఫలితమును పంచాయతీ దస్త్రములో నుంచవలెను.

ఇందుకు హెచ్చు ధనము అక్కరలేదు. ఒక కొలత డబ్బా, కొంత శ్రద్ధ చాలును. గ్రామస్థుల పన్నులతో కట్టిన కట్టడము వారి మనుమల కాలమునకును నిలుచునట్లు చూచుట సభ్యుల బాధ్యత యని మనవి చేయుచున్నాము.