దారిలో పడిన అప్పు

పాఠ్యభాగములు: లేవీయకాండము 6:1-7, సంఖ్యాకాండము 5:5-8, 1 సమూయేలు 24:1-11, లూకా 19:1-10.

ఈ నెల పాఠమును మా తప్పిదముతోనే ప్రారంభింపవలసి వచ్చినది. దీనిని వ్రాయుదుమా మానుదుమా యని కొంతకాలము తటపటాయించితిమి. అయితే మనస్సాక్షినిగూర్చి ఇతరుల సంగతులు చెప్పి మా సంగతి దాచుకొనుట న్యాయము కాదని తోచి వ్రాయుచున్నాము.

మా గ్రామము ప్రక్కగా మద్రాసునుండి కలకత్తాకు పోవు పెద్దరోడ్డు కలదు. పూర్వము దానిని 5వ నంబరు రోడ్డు అనెడివారు; 2010లో నంబర్లు మార్చిన తరువాత అది 16వ నంబరు రోడ్డయినది. దానిని వెడల్పు చేసి నడుమ డివైడరు కట్టినప్పటినుండి మావంటి పల్లెలవారికి ఒక చిక్కు వచ్చినది. మేము ప్రార్థన కూటమునకు పోవు పల్లె మా ప్రక్కనే, అర కిలోమీటరు పైన ఉన్నది. సరియైన దారిన పోవలెనన్న మొదట క్రిందికి పోయి, డివైడరులో సందు ఉన్నచోట తిరిగి, అవతలి ప్రక్కన పైకి పోయి, మరియొక సందులో మరల తిరిగి రావలెను. మొత్తము నాలుగు కిలోమీటర్లు. అందుచేత ఊరివారందరు రోడ్డు అంచునబడి ఎదురుదారిలోనే పోవుదురు. పెద్దలు పోవుదురు, బడిపిల్లలు పోవుదురు, మేమును పోవుచుంటిమి.

ఒక సాయంకాలము కూటమునకు ఆలస్యమైనది. మా సంఘములోని ఒక యౌవనుడు మోటారు సైకిలు నడుపుచుండగా మేము వెనుక కూర్చుండి ఎదురుదారిలో పోవుచుంటిమి. చీకటి పడుచున్న వేళ. తన దారిన తాను సైకిలుమీద వచ్చుచున్న ఒక పెద్దాయన మా దీపమును చూచి బెదరి రోడ్డు దిగెను. సైకిలు ఒరిగినది. దానికి వ్రేలాడుచున్న పాలక్యానులలో ఒకటి బోర్లపడినది. యౌవనుడు బండి ఆపబోయెను. మేమే అతని భుజము తట్టి, "పద బాబూ, లేచాడుగా, దెబ్బేమీ తగల్లేదు, అక్కడ జనం కనిపెట్టుకొని ఉన్నారు" అంటిమి. ఆ మాటలు మావి, అతనివి కావు.

ఆ రాత్రి వాక్యము చెప్పితిమి. జనులు బాగుగా ఉన్నదనిరి. ఇంటికి వచ్చి మోకాళ్లూని క్షమాపణ వేడుకొంటిమి. అయినను నిద్ర రాలేదు. మరుసటి ఆదివారమున కానుకల సంచిలో 500 రూపాయలు కృతజ్ఞతార్పణగా వేసితిమి. కోశాధికారి మా పేరు చదివి వందనములు చెప్పినప్పుడు మాకు తల ఎత్తుటకు మనస్సు రాలేదు. ఇట్లు 19 దినములు గడచినవి.

ఇంతకు మన తప్పిదము ఎంత? రోడ్డుమీద చిన్న తప్పు. ఎవరును చనిపోలేదు. ఎవరి ఎముకయు విరుగలేదు. ఇట్టి తప్పులను మనము పాపముల పట్టికలో వ్రాయుట లేదు. దొంగతనము పాపమందుము, త్రాగుడు పాపమందుము. ఒక బండిమీద ముగ్గురు ఎక్కుట, కెమెరా ఉన్నచోట మాత్రము హెల్మెట్టు పెట్టుకొని మలుపు తిరుగగానే తీసి చేతికి తగిలించుకొనుట, క్రిస్మస్ కూటములకు ట్రాక్టరు తొట్టిలో జనమును నింపుకొని పోవుట, వీటిని "అందరు చేయుచున్నదే" అని దాటివేయుదుము. రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయము 5వ వచనములో పౌలు అధికారులకు లోబడుటకు రెండు కారణములు చెప్పుచున్నాడు: ఒకటి శిక్షా భయము, మరియొకటి మనస్సాక్షి. కెమెరాకు మొదటి కారణమే తెలియును.

చట్టముకూడ దీనిని మనమనుకొన్నంత చిన్నదిగా ఎంచలేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టములో 184వ సెక్షన్ ఎదురుదారిలో నడుపుటను ప్రజలకు అపాయకరమైన డ్రైవింగులో చేర్చినది. మొదటి తప్పుకే 1,000 మొదలు 5,000 రూపాయలవరకు జరిమానా గాని, ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరమువరకు జైలు గాని, రెండును గాని పడవచ్చును. అదే 1988 నాటి చట్టములో 132వ సెక్షన్ మన పల్లెవారు తెలిసికొనదగినది. పశువును తోలుకొని పోవువాడు, అది బెదరి పట్టు తప్పునేమో అని భయపడి ఆపుమని కోరినయెడల, బండివాడు ఆగవలెను. ఎంత పెద్ద లారీ అయినను ఒక గొడ్లకాపరి చెయ్యెత్తిన ఆగవలెనన్నమాట. దీనిని చదివినప్పుడు మాకు సంతోషమును కలిగినది, సిగ్గును కలిగినది.

గ్రామస్థుల కష్టము నిజమేననియు చెప్పవలెను. అర కిలోమీటరు దూరమునకు నాలుగు కిలోమీటర్లు తిరుగుమనుట భారమే. పంచాయతీ ద్వారా అర్జీ పెట్టి రోడ్డు క్రింద దారి కావలెనని అడుగుట మంచిది, మేమును సంతకము చేసితిమి. అయితే అర్జీ పైకి పోయినది గదా అని ఎదురుదారి సరియైన దారి కాజాలదు.

దావీదు సంగతి చూడుడి. ఏన్గెదీ గుహలో సౌలు వస్త్రపు చెంగును అతడు రహస్యముగా కోసెను. గొంతు కోయుమని తోడివారు పురికొల్పుచుండగా బట్ట ముక్క మాత్రమే కోసినవాడు నిజముగా మెప్పు పొందవలసినవాడు. అయినను ఆ చిన్న పనికే అతని మనస్సు అతనిని గద్దించెనని గ్రంథము చెప్పుచున్నది. "ఇంతకంటె పెద్దది చేయలేదు గదా" అని అతడు తన్ను ఓదార్చుకొనలేదు. మనము చేయునది సరిగా అదియే. పాలు పోయినవి గాని ప్రాణము పోలేదు గదా అని మేమును 19 దినములు మా మనస్సాక్షితో వాదించితిమి. దావీదు గుహనుండి బయటికి వచ్చి, సౌలును పిలిచి, ఆ ముక్కను చేతపట్టి చూపెను. కోసినవాడే చూపెను.

మా మనస్సు ఎందుకు నెమ్మది పొందలేదో లేవీయకాండము 6వ అధ్యాయము చదువుచుండగా తెలిసినది. పొరుగువానికి నష్టము చేయుట యెహోవాకు విరోధముగా చేసిన ద్రోహమని అక్కడ మొదటనే ఉన్నది. అట్లయిన దేవునియొద్ద ఒప్పుకొనుటతో సరిపోవునా? సరిపోదు. అపరాధి మొదట నష్టపడినవానికి మూలధనమును, దానిపై ఐదవ వంతును చేర్చి, తన బలిని తెచ్చు దినముననే చెల్లింపవలెను. పొట్టేలు ఒకటి, సొమ్ము ఒకటి. పొట్టేలు దేవునికి, సొమ్ము పొరుగువానికి. మేము చేసినదేమి? పొరుగువాని సొమ్మును దేవుని సంచిలో వేసితిమి. బలిపీఠమునొద్ద అర్పణమును విడిచి మొదట సహోదరునియొద్దకు పొమ్మని మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాటయు ఇదియే. ఎన్ని మారులు దానిమీద ప్రసంగించితిమో లెక్క లేదు.

ఇరువదవ దినమున ఆ యౌవనుని తోడుకొని, ఈసారి నాలుగు కిలోమీటర్లు తిరిగి, ఆ పెద్దాయన ఇల్లు వెదకికొని పోతిమి. పాకలో గేదెకు మేత వేయుచుండెను. మేమెవరమో చెప్పి, ఆ సాయంకాలము ఎదురుదారిలో వచ్చినది మేమేననియు, ఆగకుండ పొమ్మన్నది మేమేననియు ఒప్పుకొంటిమి. "మీ పాల సొమ్ము ఇచ్చుకొందామని వచ్చాము బాబాయ్, తీసుకోండి" అంటిమి.

అతడు వెంటనే సొమ్మునుగూర్చి మాటలాడలేదు. "పోయిన పాలు పోయాయిలెండి అయ్యగారూ. పాలు నావి కావు. ఆ క్యానులోవి రెండిళ్లవాళ్లవి. నేను దారిలో అమ్ముకొని ఒలికాయని చెప్పానన్నారు. అదే నన్ను పట్టుకుంది" అనెను.

అప్పుడు గాని మాకు సంగతి బోధపడలేదు. అతడు పాలకేంద్రమునకు రాలేని ఇండ్లవారి పాలను తన సైకిలుమీద చేరవేయువాడు. కేంద్రములో పాలు కొలిచి, వెన్న చూచి, ఎవరి పుస్తకములో వారి లెక్క వ్రాయుదురు. పాలు రాని పూట ఆ గడి ఖాళీగా ఉండును. ఆ రెండిండ్లలో ఒకటి ఒక విధవరాలిది. ఆమె ఏండ్ల తరబడి అతనిని నమ్మి పాలు పోసెను. ఆ పూటనుండి మరియొకనికి పోయుచున్నది. మేము 12 లీటర్ల పాలు ఒలికించితిమని ఎంచుకొని లీటరుకు 60 రూపాయల చొప్పున 720 రూపాయలు, ఐదవ వంతు 144, మొత్తము 864 లెక్కకట్టి కాగితములో చుట్టి తెచ్చితిమి. మేము ఒలికించిన దానిలో ఒక మనుష్యుని మాటకున్న విలువయు ఉన్నదని మాకు తెలియదు. తెలియకపోవుటకు కారణము, ఆ సాయంకాలము ఆగకపోవుటయే. ఒక్క నిమిషము ఆగియుంటే సాక్ష్యము చెప్పుటకు ఇద్దరు మనుష్యులుందురు.

అతనితో కూడ ఆ రెండిండ్లకును పోతిమి. మొదటి ఇంటివారు నవ్వి ఊరకుండిరి. ఆ విధవరాలి గుమ్మములో నిలిచి, మేము ఎదురుదారిలో వచ్చితిమనియు, ఈ పెద్దాయన చెప్పినది నిజమనియు చెప్పుట మాకు ప్రసంగపీఠముమీద నిలుచుటకంటె కష్టమైనది. చుట్టుప్రక్కలవారు నలుగురు వచ్చి వినుచుండిరి. "దేవుని మాటలు చెప్పేవాళ్లు ఆగకుండా పోయారా?" అని ఒకామె అడిగెను. పోయామని చెప్పితిమి. దానికి చేర్చదగిన మాట ఏదియు మాకు కనబడలేదు. విధవరాలు కొంతసేపటికి ఆ పెద్దాయనవైపు తిరిగి, "రేపు సాయంత్రం రా అన్నా" అనెను.

రెండిండ్లవారు తమ పాల సొమ్ము 720 రూపాయలు తీసికొనిరి. ఐదవ వంతును పెద్దాయన ముట్టలేదు. తాను కష్టపడని సొమ్ము తనకెందుకనెను. క్యాను మూత ఆ దినముననే పోయినదట, గుడ్డ కట్టి తెచ్చుచున్నాడు. యౌవనుడు దానిని చూచి, సంతరోజున ఆ 144 రూపాయలకు తనది కొంత చేర్చి క్రొత్త మూత కొని ఇచ్చివచ్చెను.

జక్కయ్య సంగతి ఇక్కడ మరల చదువవలెను. తనంతట తాను ఒప్పుకొన్నవానికి ధర్మశాస్త్రము విధించినది ఐదవ వంతే. గొఱ్ఱెను దొంగిలి అమ్మినవానికి నిర్గమకాండము 22:1 నాలుగంతలు విధించుచున్నది. జక్కయ్యను ఎవరును న్యాయసభకు ఈడ్చలేదు. అతడే నాలుగంతలు ఎంచుకొనెను, అదియు జనులు సణుగుచుండగా.

జరిమానాల విషయమై కొందరు మమ్మును అడిగిన ప్రశ్నకుకూడ జవాబు చెప్పవలెను. తెలంగాణలో 2022 మార్చిలోను, 2023 డిసెంబరులోను బకాయిపడిన చలానాలకు ప్రభుత్వము రాయితీ ఇచ్చెను. ద్విచక్ర వాహనములవారు మొదటిసారి నాలుగవ వంతు, రెండవసారి ఐదవ వంతు చెల్లించిన చాలుననిరి. విశ్వాసి ఆ రాయితీ పొందవచ్చునా? పొందవచ్చును. అప్పు ఇచ్చినవాడే తగ్గించినప్పుడు పుచ్చుకొనుట పాపము కాదు. అయితే రాయితీ వచ్చునని కనిపెట్టి కట్టకుండ కూర్చుండుట వేరు సంగతి. దానిని ఎవరి మనస్సును వారే అడుగవలెను. మరియు ప్రభుత్వము తనకు రావలసినదానినే తగ్గించగలదు. పాలవానికి రావలసినదానిని ఏ ప్రభుత్వమును తగ్గించలేదు.

ఇతరుల బండి అడిగి తీసికొని పోవువారికి ఒక మాట. చలానా మీ పేరున రాదు, బండిగలవాని ఫోనుకు వచ్చును. మొగమాటముచేత అతడు మిమ్ము అడుగడు, తానే కట్టుకొనును. అడిగి తెచ్చుకొన్న పశువునకు హాని కలిగినయెడల, యజమానుడు దగ్గర లేనప్పుడు, తెచ్చుకొన్నవాడే నష్టము పెట్టుకొనవలెనని నిర్గమకాండము 22:14లో ఉన్నది. కావున బండి తిరిగి ఇచ్చిన కొన్ని దినములకు, "నా వల్ల చలానా ఏమైనా వచ్చిందా?" అని మీరే అడుగుడి. కాపరులు ఈ విషయములో ముందుగా తమ్ము తాము పరీక్షించుకొనవలెను, ఏలయనగా సంఘస్థుల బండ్లు అందరికంటె ఎక్కువగా వాడుకొనువారము మేమే.

పాలవాని ఇంటినుండి తిరిగివచ్చుచు ఆ యౌవనుడు తన సంగతి ఒకటి మాతో చెప్పెను. క్రిందటి యేడు కోతలైన తరువాత, దూరమునుండి వచ్చిన గొఱ్ఱెల మంద రోడ్డు దాటుచుండగా అతని బండి ఒక పిల్లను కొట్టినది. కాపరి కేకవేసినను ఆగలేదు. ఇప్పుడు ఆ మంద ఎక్కడున్నదో తెలియదు. సంఖ్యాకాండము 5:8 ప్రకారము, నష్టపడినవాడును అతని రక్తసంబంధియు లేనప్పుడు ఆ సొమ్ము యెహోవాకు చెందునని చదివి, దానిని కానుకగా వేయవచ్చునా యని అతడు అడిగెను. కాపరి చనిపోయెనని ఎవరు చెప్పిరని మేమడిగితిమి. పొలములలో మంద కట్టుటకు వారు ఏటేట వచ్చువారే. పిల్ల వెల 3,000 రూపాయలు, దానిపై ఐదవ వంతు 600, పోస్టాఫీసు పుస్తకములో వేసి యుంచినాడు. సంక్రాంతి వెళ్లినప్పటినుండి ప్రతి సాయంకాలము ఆ రోడ్డు ప్రక్క పొలములవైపు చూచుచు పోవుచున్నాడు.