డాక్టరుకు చెప్పింది ఊళ్లో తెలుస్తుందా?

ప్రశ్న: మాది గోరంట్ల దగ్గర పల్లె. బోరు ఎండి, వేరుశనగ పోయినప్పటి నుంచి నిద్ర లేదు. మానసిక డాక్టరుకు చూపించుకోవాలని ఉంది. విషయం బయటికొస్తే కూతురి సంబంధం చెడుతుందేమోనని భయం. – ఒక రైతు

జవాబు: మీ భయంలో అర్థముంది. పల్లెలో కబురు తరచు డాక్టరు నోటి నుంచి కాదు, వెయిటింగ్ హాల్లోంచో మందుల చీటీలోంచో బయటపడుతుంది. అందుకే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని ముందే అడగండి. మందులు హిందూపురంలోనో కదిరిలోనో కొనుక్కోండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుతుంది. వియ్యంకులు వచ్చి అడిగినా డాక్టరు చెప్పకూడదు. మీ తరఫున ఎవరు నిర్ణయాలు తీసుకోవాలో తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో పెట్టి ఇవ్వవచ్చు. ఆ ప్రతినిధికి తన బాధ్యతకు అవసరమైన సమాచారం అందుతుంది.

హద్దులూ ఉన్నాయి. మీ ప్రాణానికో ఇంకొకరికో ముప్పుంటే, దాన్ని ఆపడానికి కావలసినంత మేరకే డాక్టరు చెప్పవచ్చు. కోర్టు ఆదేశిస్తే ఇవ్వాల్సిందే. ముప్పు విషయానికే వస్తే, అమెరికాలో ఒక రోగి తాను చంపుతానని చికిత్సకుడితో చెప్పిన యువతిని నిజంగానే చంపాడు. ఆ టారసాఫ్ కేసులో 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ముప్పున్న వ్యక్తిని కాపాడే బాధ్యత చికిత్సకుడిదేనంది.

ఈ మినహాయింపులకు జడిసి చనిపోవాలన్న ఆలోచనను మాత్రం దాచకండి. డాక్టరు ముందు వినాల్సింది అదే.

నిద్రలేమి రెండు వారాలు దాటితే ఆగకుండా వెళ్లండి. చావు ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పి, టెలి మానస్ సహాయవాణి 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే, ఉచితంగా, రాత్రీపగలూ మాట్లాడతారు.