మీ బిడ్డ గ్రౌండ్‌లో ఎక్కడ ఆడాలి?



ఈ నెల పాఠం పుస్తకంలోది కాదు, గ్రౌండ్‌లోది. ఫుట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులు పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "మా బాబును ముందు ఎందుకు ఆడించడం లేదు? ఎప్పుడూ వెనకే నిలబెడుతున్నారు." అడగడంలో తప్పు లేదు. గోల్ కొట్టినవాళ్ల పేరే అందరికీ గుర్తుంటుంది, ఫోటో కూడా వాళ్లదే పడుతుంది. కానీ జట్టులో 11 మంది ఉంటారు. అందులో గోల్ కొట్టడమే ముఖ్యమైన పనిగా ఉండేది ఇద్దరికో ముగ్గురికో. మిగతా ఎనిమిది మంది పని వేరు. ఆ పనిలో మీ బిడ్డ గొప్పగా రాణించవచ్చు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. సరిపోని చోట నిలబెడితే మంచి పిల్లవాడు కూడా పది మ్యాచ్‌లలో పది సార్లు విఫలమవుతాడు. అప్పుడు "ఈ చోటు నాకు కుదరలేదు" అనుకోడు, "నాకు ఆట రాదు" అనుకుంటాడు. అలా అనుకున్న పిల్లలు తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి బూట్లు అటక మీద పెట్టేస్తారు. మూడేళ్ల తర్వాత డిగ్రీ కాలేజీలోనో, ఇంజనీరింగ్ కాలేజీలోనో సెలక్షన్స్ నోటీసు చూసినా, ఆ వైపు వెళ్లరు. అందుకే స్కూలు రోజుల నుంచి కాలేజీ సెలక్షన్స్ దాకా సరైన పొజిషన్ ఎలా తెలుసుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

చిన్నప్పుడే ముద్ర వేయొద్దు

మన రాష్ట్రంలో హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రభుత్వ స్పోర్ట్స్ స్కూళ్లు ఉన్నాయి. అక్కడ నాలుగో తరగతిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు ఏం పరీక్ష పెడతారో గమనించండి. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడిన చోటి నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు ఎంత వంగుతుందో చూడడం, ఎత్తు, బరువు. "నువ్వు స్ట్రైకర్‌వా, డిఫెండర్‌వా?" అని ఎవరూ అడగరు. ఆ వయసులో చూడాల్సింది ఒంట్లో ఉన్న చురుకుదనాన్ని. ఆట ఏదో తర్వాత తేలుతుంది. ఆటలో చోటు ఇంకా తర్వాత తేలుతుంది.

ఇలా ఆగడానికి ఒక గట్టి కారణం ఉంది. అబ్బాయిలు సాధారణంగా 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఒక్కసారిగా పొడుగవుతారు. అమ్మాయిలు దాదాపు రెండేళ్లు ముందే పెరుగుతారు. ఆరో తరగతిలో అందరికంటే పొడుగ్గా ఉన్న బాబు పదో తరగతికి మామూలు ఎత్తువాడు కావచ్చు. పొడుగ్గా ఉన్నాడని అతన్ని మూడేళ్లు వెనక నిలబెట్టి, బంతిని దూరంగా తన్నడం ఒక్కటే నేర్పితే, మిగతావాళ్లు అతని ఎత్తుకు వచ్చిన రోజున అతని చేతిలో ఏమీ మిగలదు. పొట్టిగా ఉన్నవాడికి కూడా ఇదే నష్టం జరుగుతుంది.

గోల్‌కీపర్ విషయంలో మరీ జాగ్రత్త. పెద్దల గోల్‌పోస్ట్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. అంటే 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. నాలుగున్నర అడుగుల పాప అందులో నిలబడితే తల మీదుగా వెళ్లిన బంతి ఆమె తప్పు కాదు. చిన్నపిల్లలకు చిన్న గ్రౌండ్, చిన్న పోస్ట్, జట్టుకు ఐదుగురో ఏడుగురో చొప్పున ఆడించమని కోచ్‌లు చెప్పేది ఇందుకే. ఆ చిన్న ఆటలో ప్రతి బిడ్డా అన్ని చోట్లా ఆడాలి. ఆటగాళ్లు తక్కువ కాబట్టి బంతి అందరి కాలికీ ఎక్కువసార్లు తగులుతుంది.

ఒక హైదరాబాద్ మాస్టారు చూపిన దారి

భారత ఫుట్‌బాల్‌కు మంచి రోజులు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ వారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు. వృత్తిరీత్యా టీచర్. అందరూ ఆయన్ను రహీమ్ సాబ్ అనేవారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే మన జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాలో జరిగిన సంగతి మన పాఠానికి బాగా పనికొస్తుంది. జర్నైల్ సింగ్ అప్పటికి పేరున్న డిఫెండర్. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో అతని తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. తర్వాతి మ్యాచ్ ఆడలేదు. సెమీఫైనల్‌కు రహీమ్ సాబ్ అతన్ని మళ్లీ దించారు. ఈసారి వెనక కాదు, ముందు సెంటర్ ఫార్వర్డ్‌గా. దక్షిణ వియత్నాంపై అతను గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాపైనా కొట్టాడు. 2-1తో గెలిచి మనవాళ్లు స్వర్ణం తెచ్చారు. టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లో అదే కొరియా చేతిలో 0-2తో ఓడిన జట్టు ఇది.

ఫైనల్లో మన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. ఆయనా హైదరాబాద్‌లో పుట్టినవారే. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి, 1953లో ఆర్మీలో చేరారు. మొదట ఆయన ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా! తర్వాత గోల్‌పోస్ట్ దగ్గరికి మారి, 1956, 1960 ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. ముందు ఆడినవాడు వెనక్కి వచ్చి గొప్పవాడయ్యాడు, వెనక ఆడేవాడు ముందుకు వెళ్లి గోల్ కొట్టాడు. ఇద్దరూ ఒకే ఫైనల్లో ఉన్నారు.

మన పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్యను చూడండి. మొదట పరుగు పందేల్లో ఉన్న అమ్మాయి. ఫుట్‌బాల్‌కు వచ్చాక ఆ వేగం వింగ్‌లో ఆడడానికి పనికొచ్చింది. గోకులం కేరళ జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది. భారత జట్టుకు ఆడుతోంది.

ఏ చోటుకు ఏం కావాలి?

నల్లరేగడిలో పత్తి వేస్తాం, నీళ్లు నిలిచే మడిలో వరి వేస్తాం. నేలను చూశాకే విత్తనం. పొజిషన్ కూడా అంతే. ఒక్కో చోటుకు కావాల్సిన గుణాలు ఇవి.

గోల్‌కీపర్: భయం లేకుండా బంతి మీదికి వెళ్లాలి. గట్టిగా అరిచి ముందున్నవాళ్లకు చెప్పగలగాలి. అన్నిటికంటే ముఖ్యం, గోల్ పడిన మరుక్షణం దాన్ని మరచిపోయి మళ్లీ నిలబడగలగాలి.

సెంటర్ బ్యాక్: ఓపిక. బంతి కోసం తొందరపడి కాలు పెట్టకుండా, ఎదుటివాడు తప్పు చేసేదాకా ఆగగలగాలి.

సైడ్ బ్యాక్: ముందుకీ వెనక్కీ అలసట లేకుండా పరుగెత్తాలి. ఎడమకాలితో బాగా ఆడే పిల్లలు ఎడమవైపు ఈ చోటులో చాలా విలువైనవాళ్లు. జట్లలో అలాంటివాళ్లు తక్కువగా దొరుకుతారు.

మిడ్‌ఫీల్డర్: బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి చుట్టూ చూసుకునే అలవాటు ఉండాలి. ఆట మొత్తం మీద ఎక్కువ దూరం పరుగెత్తేది కూడా మామూలుగా వీళ్లే.

వింగర్: వేగం, ఎదురుగా ఒక్కడు ఉంటే దాటి వెళ్లే ధైర్యం.

స్ట్రైకర్: ఐదు అవకాశాలు పోయినా ఆరోసారి వెనకాడకుండా తన్నే మనసు. ఒక్క తప్పుకే కుంగిపోయే బిడ్డకు ఇది కష్టమైన చోటు.

ఈ జాబితాలో ఎత్తు, బరువు పెద్దగా లేవు. సగం గుణాలు స్వభావానికి సంబంధించినవి. మీ బిడ్డ స్వభావం మాకంటే మీకే బాగా తెలుసు. అందుకే ఈ విషయంలో కోచ్‌కు మీ సాయం కావాలి.

గ్రౌండ్ పక్కన మీరు చూడాల్సినవి

ఈసారి మ్యాచ్‌కు వచ్చినప్పుడు గోల్స్ లెక్కపెట్టకండి. ఒక పావుగంట మీ బిడ్డనే చూస్తూ, ఈ నాలుగు విషయాలు రాసుకోండి.

1. బంతి దూరంగా ఉన్నప్పుడు ఏం చేస్తున్నాడు? నిలబడి చూస్తున్నాడా, చోటు మారుతున్నాడా?

2. బంతి పోగొట్టుకున్న వెంటనే ఏం చేస్తున్నాడు? వెంటపడేవాడు డిఫెన్స్‌కో, మిడ్‌ఫీల్డ్‌కో పనికొస్తాడు.

3. చెప్పకపోయినా మాటిమాటికీ ఏ వైపు వెళ్తున్నాడు? పిల్లల కాళ్లు తమకు నచ్చిన చోటికే వెళ్తాయి.

4. తోటివాళ్లతో మాట్లాడుతున్నాడా? "వెనక మనిషి ఉన్నాడు", "నాకివ్వు" అని అరిచే పిల్లలు గోల్‌కీపర్, సెంటర్ బ్యాక్, మిడ్‌ఫీల్డ్ చోట్లకు వరం.

ఇలా మూడు మ్యాచ్‌లు చూశాక పీఈటీ సార్ దగ్గరికి రండి. "మా బాబును ముందు ఎందుకు ఆడించరు?" అని కాకుండా, "మీరు అతనిలో ఏం చూసి అక్కడ పెట్టారు? ఇంకో చోటు కూడా నేర్పించవచ్చా?" అని అడగండి. ఈ రెండో ప్రశ్నకు ఏ కోచ్ అయినా సంతోషంగా జవాబు చెప్తాడు. కోచ్ దగ్గర జవాబు లేకపోతే, ఆలోచించాల్సింది ఆయనే.

కాలేజీ సెలక్షన్స్ రోజు

ఇక పెద్ద పిల్లల సంగతి. డిగ్రీ కాలేజీ జట్టు అంతర్ కళాశాలల పోటీలు ఆడుతుంది. అక్కడ బాగా ఆడినవాళ్లను యూనివర్సిటీ జట్టుకు తీసుకుంటారు. మన కరీంనగర్‌లోని శాతవాహన యూనివర్సిటీకైనా, హైదరాబాద్ యూనివర్సిటీలకైనా దారి ఇదే. అక్కడి నుంచి జోనల్ స్థాయి పోటీలు ఉంటాయి.

సెలక్షన్స్‌లో కోచ్‌కు ఉండే సమయం చాలా తక్కువ. ఒకరికొకరు తెలియని పిల్లలతో జట్లు కట్టి కాసేపు ఆడిస్తారు. "ఏ పొజిషన్?" అంటే చాలామంది ఫార్వర్డ్ అంటారు. కోచ్‌కు కావాల్సింది మాత్రం కిందటేడు చదువు ముగించి వెళ్లిపోయిన సైడ్ బ్యాక్ చోటుకు ఒకడు కావచ్చు. కాబట్టి మీ అబ్బాయి లేదా అమ్మాయి మూడు పనులు చేయాలి.

మొదటిది, ఆ కాలేజీ జట్టులో ఏ చోటు ఖాళీ అవుతోందో సీనియర్లను ముందే అడగాలి. రెండోది, ఫారంలో రెండు పొజిషన్లు రాయాలి. ఒకటి బాగా వచ్చినది, రెండోది ధైర్యంగా ఆడగలిగినది. "ఎక్కడైనా ఆడతాను సార్" అనడం వినయంగా ఉంటుంది కానీ, కోచ్‌కు దానివల్ల ఏమీ తెలియదు. మూడోది, గోల్ కోసం పాకులాడకుండా తన చోటు పని శుభ్రంగా చేసి చూపించాలి.

మన జిల్లా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ ఫుట్‌బాల్ అంటే వేరే ఆట, చేత్తో పట్టి పరుగెత్తేది. ఆ ఆటలో హైస్కూలు పిల్లలను కాలేజీ జట్లకు చూసేటప్పుడు కొందరి పేరు పక్కన పొజిషన్ రాయరు, 'అథ్లెట్' అని మాత్రమే రాస్తారు. పిల్లవాడిలో సత్తా ఉంది, చోటు కాలేజీకి వచ్చాక చూసుకుందాం అని దానర్థం. అంత పెద్ద వ్యవస్థే 17, 18 ఏళ్ల వయసులో కూడా తలుపు తెరిచి ఉంచుతుంటే, మనం ఏడో తరగతిలోనే గడియ వేయడం ఎందుకు?

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. స్పోర్ట్స్ కోటా సీట్లు చాలా కొద్ది. వాటి కోసమే ఆడించాలనుకుంటే నిరాశ తప్పకపోవచ్చు. ఇంటర్ రెండేళ్లు చదువు ఒత్తిడి ఎక్కువగా ఉంటుందని మాకూ తెలుసు. ఆ రెండేళ్లలో వారానికి రెండు సాయంత్రాలైనా బంతి కాలికి తగలనివ్వండి. పూర్తిగా ఆపేసినవాళ్లకు మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టం.

ఈ నెల ఇంట్లో చేయాల్సినవి

ఒక ఆదివారం మీ బిడ్డను రెండు ప్రశ్నలు అడగండి. "నీకు ఏ చోట ఆడితే ఇష్టం? ఏ చోట ఆడితే జట్టుకు ఎక్కువ లాభం?" రెండు జవాబులూ ఒకటే అయితే అదృష్టం. వేరైతే ఎందుకో చెప్పమనండి, మధ్యలో ఆపకుండా వినండి. మ్యాచ్ అయ్యాక "ఎన్ని గోల్స్ కొట్టావు?" అనే ప్రశ్న మానేసి, "ఇవాళ నీ చోటు పని ఎలా చేశావు?" అని అడగండి. ఆడపిల్లలను కూడా ఇవే ప్రశ్నలు అడగండి.

మీరు గమనించినవి ఒక కాగితం మీద రాసి డైరీలో పెట్టి పంపితే పీఈటీ సార్‌కు అందజేస్తాం. కొత్త పొజిషన్లు పరీక్షించడానికి ప్రాక్టీసే మంచి సమయం. మీ కాగితం ఎంత త్వరగా వస్తే, మీ బిడ్డకు అన్ని ఎక్కువ చోట్ల ఆడి చూసుకునే అవకాశం దొరుకుతుంది.