రెండవమారు లేపబడుట
పాఠ్యభాగము: 1 రాజులు 19:4-8

మా కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగి 3 నెలలైనది. ఎడమ మోకాలికిని దినము నిర్ణయింపబడినది. మొదటిమారు మేము తెలియక ధైర్యముగా వెళ్లితిమి. ఇప్పుడు ఆ నొప్పియు, నిద్రలేని రాత్రులును ఎట్టివో తెలిసి వెళ్లవలెను. మానివేయుదుమా అని మనస్సు వెనుకకు లాగుచున్నది.

బదరీవృక్షము క్రింద ఏలీయా ఒకమారు భుజించి మరల పండుకొనెను. అందుకు దూత అతని గద్దింపలేదు. ముందున్న ప్రయాణము అతని శక్తికి మించినదని యెరిగి, రెండవమారు తట్టి లేపి ఆహారము చూపెను. ఆ బలముచేత అతడు 40 రాత్రింబగళ్లు హోరేబు వరకు నడిచెను.

ప్రియులారా, దేవుడు బలమిచ్చునని మనము సిద్ధపాటు మానరాదు. తొడ కండరములను వ్యాయామముచేత బలపరచుకొనుట, చక్కెరవ్యాధిని అదుపులో నుంచుకొనుట, పంటి చీమును, పాదముల పుండ్లను ముందుగా మాన్పించుకొనుట, వాడుచున్న మాత్రలన్నిటిని వైద్యునికి తెలుపుట - ఇవియు ఆ దూత చూపిన రొట్టెవంటివే. లేచి భుజించుట మాత్రము ఏలీయా పని.

మరియొక సంగతి. మొదటి చికిత్స తరువాత అరిగిన ఎడమకాలే మా భారము మోసినది. ఈమారు బాగుపడిన కుడికాలు మోయును. ఆలాగే నిన్న పొందిన కృప రేపటి శ్రమకు ఊతకర్ర యగును.

ధ్యానము: మొదటిమారు ప్రభువు మనలను ఎట్లు లేపెనో ఈ నెల మన యిండ్లలో ఒకరితో ఒకరము చెప్పుకొందము.